ఉమ్మడి స్థలంలో పశువుల పాక

సెప్టెంబరు 2

తెల్లవారుజామున నేనూ, నాతో పనిచేసే దస్తగిరీ బావి మూత మీదికెక్కి పన్నెండు అద్దాలూ తుడిచాం. సున్నపు దుమ్ము వేలెడు మందాన పేరుకుంది. ఆరున్నరకల్లా పైన నలభై ఆరు డిగ్రీలు. ఇక నిలవలేక దిగిపోయాం. పది గంటలకు ఎండ అద్దాల మీంచి బావిలోకి జారి అడుగును తాకింది, రెండింటి దాకా ఉంది. పాత సున్నపురాతి గని అడుగున ఉన్న మా ఊరు సున్నపుగుంటలో నాలుగు వేల మందికీ దొరికే సూర్యుడు ఆ నాలుగు గంటలే. అది పడే చోటు బావి అడుగున ఉన్న ఆ ఒక్క చదరమే.

ఈ పుస్తకంలో అద్దాల సంగతే రాయాలి. తనిఖీ వాళ్లు తప్ప దీన్నెవరూ తెరవరు. వాళ్లూ చివరి పేజీలో సంతకం పెట్టి మూసేస్తారు. అందుకని ఇవాళ జరిగింది కూడా రాస్తున్నాను.

ఈ ఏడు వినాయక చవితీ మొహర్రమూ ఒకే వారంలో పడ్డాయి. ప్రతి ఏడూ చదరంలో తూర్పు మూల పీర్లు నిలబెడతారు. నిప్పు నిషేధం కాబట్టి గుండం బదులు నేల మీద ఎర్ర దీపాలు పరుస్తారు. పందిరి వాళ్లు ఈసారి వినాయకుణ్ణి రెండడుగులు పెంచారు. దాంతో పందిరి తూర్పు మూలకు వచ్చింది. మేం తాళ్ల మీద బావిలోకి దిగుతుండగా మాటా మాటా పెరిగింది. పైనుంచి చూస్తే మాకు మనుషుల నడినెత్తులే కనిపిస్తాయి. ఆ నెత్తుల మధ్య ఒక ఇనుప పైపు లేవడం చూశాను. పందిరి కడుతున్న ఒకాయనకు తల పగిలి ఏడు కుట్లు పడ్డాయి. దస్తగిరి బావమరిదికి మణికట్టు విరిగింది.

దస్తగిరి ఇంకా తాడుకు వేలాడుతూనే కిందికి అరిచాడు. వాళ్లకేం వినపడుతుంది.

సెప్టెంబరు 4

పాలక సంఘం అత్యవసర సమావేశం. నేను సిబ్బంది తరఫున సభ్యుణ్ణి. పదకొండేళ్లలో అక్కడ నోరు తెరిచింది రెండుసార్లు. రెండూ అద్దాలు తుడిచే గుడ్డల కోసమే.

ఇవాళ మూడోసారి తెరిచాను. అప్పటికి గంటసేపు ఈ గుంటలోకి ముందు ఎవరు దిగారన్న దాని మీదే వాదన నడిచింది. అధ్యక్షుడు భానుమూర్తిగారు కళ్లు మూసుకుని వింటున్నారు. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. ఎవరి మాటకూ అడ్డు రారు.

"ఆ చదరం ఎవరిదీ కాదండీ, అందరిదీ" అన్నాను. "అందరిదైన చోట ఎవరి దేవుడూ లేకపోతే తగువే లేదు. ఎవరి దేవుణ్ణి వాళ్లు ఇంట్లో పెట్టుకుంటారు."

భానుమూర్తిగారు కళ్లు తెరిచారు. "ఒక్క వాక్యంలో రాసివ్వగలరా, ఏడుకొండలుగారూ?" అన్నారు.

డ్యూటీ చీటీ వెనక రాశాను: ఉమ్మడి స్థలంలో ఏ మతానికి చెందిన ఏ గుర్తూ ఉండరాదు.

అందరూ చేతులెత్తారు. పందిరి వాళ్లు కాస్త ఆలస్యంగా ఎత్తారు. పీర్ల వాళ్ల తరఫున వచ్చిన దస్తగిరి ఎత్తాడు. క్రైస్తవుల తరఫున జకరయ్య పాస్టరుగారు రెండు చేతులూ ఎత్తారు. అవును, నాకు గర్వంగానే అనిపించింది. నాకు ఏ దేవుడి మీదా నమ్మకం లేదు, ఏ దేవుడి మీదా కోపమూ లేదు. నా వాక్యం నీళ్లలా ఉందనుకున్నాను. ఏ రంగూ లేదు, ఏ రుచీ లేదు, అందరికీ పనికొస్తుంది.

తర్వాత లాండ్రీకి వెళ్లాను. అక్కడ పనిచేసే సువార్తమ్మ నాకు తోడబుట్టింది కాదు గాని అక్క లాంటిది. తొమ్మిదేళ్ల కిందట పైన వడదెబ్బ తగిలి పడిపోతే మూడు రోజులు నా ఒంటికి తడిగుడ్డలు చుట్టి బతికించింది. నా పైదుస్తుల్లోని సున్నం వదిలించడం ఆమెకొక్కదానికే తెలుసు.

"మంచి పని చేశావంట గదా తమ్ముడూ" అని టీ గ్లాసు చేతికిచ్చింది. "పేరేమో ఏడుకొండలు. మతం గుర్తులుండగూడదంటివి. మరి నీ పేరు యాడ గీకుతారయ్యా?"

ఇద్దరం నవ్వుకున్నాం.

సెప్టెంబరు 19

అయిదో అద్దం గొలుసు బిగించాం. ఏడో అద్దానికి చిన్న పగులు.

'ఇంట్లో' అని నేనన్న మాటకు ఈ ఊళ్లో అర్థం లేదని ఇవాళ తెలిసింది. సున్నపుగుంట నిబంధనల మొదటి పేజీలోనే ఉందట, ఇరవై ఏళ్లుగా ఎవరూ చూడలేదు. గని రాయి మొత్తం ఊరిది. మనం ఉంటున్న గూళ్లు ఆ రాయిలో తొలిచినవి. గూట్లో ఉండే హక్కే మనది, గూడు మనది కాదు. కాబట్టి గూటి గోడ ఉమ్మడి స్థలం. గుమ్మం ఉమ్మడి స్థలం. గుమ్మానికి వేలాడే తెర కూడా ఊరి స్టోరు ముద్ర ఉన్నది కాబట్టి ఉమ్మడి సొత్తే.

పొద్దుటి నుంచి ఇద్దరు మనుషులు గీకుడు పలుగులు, సున్నం బాల్చీ పట్టుకుని వరసగా గూళ్లకు తిరుగుతున్నారు. సువార్తమ్మ గూట్లో మంచం తలవైపు గోడకు చెక్కుకున్న శిలువ ఉంది. దాన్ని గీకి సున్నం కొట్టారు. నేను వెళ్లేసరికి సున్నం ఇంకా తడిగానే ఉంది.

"వీళ్లు ఇట్టా చేస్తారని అనుకోలేదక్కా" అన్నాను.

"గోడ ఊరిదేనంటగా. తెరా ఊరిదే. కట్టుకున్న చీర గూడా స్టోరుదే" అంది. మంచం మీద రాలిన సున్నపు పెళ్లలు చేత్తో దులుపుతోంది. "మరి నా ఒళ్లు ఎవరిదో అది గూడా రాసుంటది, చూసి చెప్పు."

అక్కణ్ణుంచి నేరుగా భానుమూర్తిగారి దగ్గరికి వెళ్లాను. నా ఉద్దేశం ఇది కాదన్నాను. ఆయన ఎంతో మర్యాదగా కూర్చోబెట్టారు. "వాక్యం మీది. దాని అర్థం మీకన్నా ఎవరికి తెలుస్తుందండీ? సందేహాలు వస్తాయి, తీర్చేవాళ్లు కావాలి. మీరైతే న్యాయంగా ఉంటారు" అన్నారు.

సాయంత్రానికల్లా నా గూటి పక్కనే ఒక గది ఇచ్చి, తలుపు మీద 'వివరణాధికారి' అని రాయించారు. వద్దనలేదు. నేనే ఉంటే గీకుడు తగ్గుతుందనుకున్నాను.

సెప్టెంబరు 30

అద్దాల పని రెండు గంటలు, వివరణల పని ఆరు గంటలు. రోజంతా ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉన్నారు.

తులసి మొక్క గుర్తా, మందా? మందు అని రాశాను. మొక్కను గీకించడానికి చెయ్యి రాలేదు. అది సబబే అనుకుంటున్నాను. నుదుటి బొట్టు? ఒళ్లు రాయి కాదు కాబట్టి అభ్యంతరం లేదన్నాను. ఆ లెక్కన టోపీకీ అభ్యంతరం లేదన్నాను. స్టోరు టోపీ కాకపోతేనే అని కింద ఎవరో చేర్చారు. క్రైస్తవులు మందిరంగా వాడుకుంటున్న పాత రాతిమర గది? గది ఊరిది కాబట్టి మూసెయ్యాల్సి వచ్చింది. నమాజు చేసుకునే పంపుల గది కూడా మూసెయ్యాల్సి వచ్చింది. వెంకన్న పటం ఉన్న సామాన్ల గది కూడా మూసెయ్యమని రాశాను. మొదటి రెండూ మూశారు. మూడోది సామాన్ల గది కనుక తెరిచే ఉంచాలన్నారు. పటం మీద ఒక గుడ్డ కప్పారు. ఆ గుడ్డ పసుపుది.

చివరగా దస్తగిరి నీళ్లబిందె వచ్చింది. పక్క గూటివాళ్లు ఫిర్యాదు చేశారు. బిందె స్టోరుది. మెడ మీద అతని తల్లి ఎప్పుడో ఆకుపచ్చ రంగుతో నెలవంక వేసింది. సగం చెరిగిపోయి ఉంది. తులసిని వదిలిన చేత్తో దీన్ని కూడా వదిలితే నాకు పక్షపాతం అంటారేమోనని భయపడ్డాను. పక్షపాతం ఎవరి వైపున్నట్టో అప్పుడు నాకు తట్టలేదు. గుర్తు అని రాశాను.

రంగు గీకిన బిందెను అతనే తెచ్చి నాకు చూపించాడు. "మా అమ్మకి బొమ్మలెయ్యటం రాదన్నా. అది నెలవంకో, పుచ్చకాయ ముక్కో నాకే తెలవదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

అక్టోబరు 3

ఇవాళ పది గంటలకు ఎండ దిగినప్పుడు చదరంలో తొమ్మిది మెట్ల కొలువు తీరి ఉంది. రాముడి పట్టాభిషేకం, దశావతారాలు, పైమెట్టు మీద అమ్మవారు. ఎదురుగా బల్బు హారతి, మైకులో స్తోత్రం.

మెట్లు దిగి ఆయాసంతోనే భానుమూర్తిగారి దగ్గరికి వెళ్లాను. ఆయన అక్కడే పట్టుపంచెలో ఉన్నారు.

"ఇదేమిటండీ?"

"బొమ్మల కొలువండీ. చిన్నప్పుడు మీ ఇంట్లో పెట్టలేదూ?"

"పెట్టలేదండీ. మా ఇళ్లల్లో లేదు. కానీ ఇది ఉమ్మడి స్థలం..."

"బొమ్మలు ఏడుకొండలుగారూ, మట్టిబొమ్మలు. ఆడపిల్లల ముచ్చట. ఇందులో మతం ఎక్కడుంది?"

"హారతిస్తున్నారు."

"దీపం పెట్టడం మన సంస్కృతి. మతం వేరు, సంస్కృతి వేరు. ఈ తేడా మీ వాక్యంలో లేదు, నిజమే. అది లోపమే, సరిచేద్దాం" అన్నారు. ప్రసాదం చేతిలో పెట్టారు. మైకు ముందు నిలబడి దాన్ని ఏం చెయ్యాలో తెలియలేదు. తిన్నాను. కొబ్బరి లడ్డూ.

అక్టోబరు 9

సవరణ ఆమోదించారు: ఈ నేల సంస్కృతికి, వారసత్వానికి చెందినవి మతచిహ్నాల కిందికి రావు. ఏది సంస్కృతో నిర్ణయించడానికి ముగ్గురితో కమిటీ.

నేను ఎటూ చెయ్యెత్తలేదు. మినిట్స్‌లో ఏకగ్రీవం అని రాశారు.

దస్తగిరి పంపుల విభాగానికి బదిలీ అడిగి వెళ్లిపోయాడు. పద్నాలుగేళ్లు ఒకే తాడుకు ఇద్దరం వేలాడాం. ఎందుకని అడిగాను. "నువ్వు చెడ్డోడివైతే నాకు బాగుండేదన్నా. తిట్టి ఊరుకునేవాణ్ణి" అన్నాడు. తన తాడు చుట్టి మేకుకు తగిలించి పోయాడు. అతని స్థానంలో మనిషిని ఇవ్వలేదు. పన్నెండు అద్దాలూ ఇప్పుడు నేనొక్కణ్ణే తుడుస్తున్నాను. ఎనిమిదే అవుతున్నాయి. తక్కిన నాలుగూ మసకగానే ఉంటున్నాయి.

నవంబరు 18

సువార్తమ్మ నా ఆఫీసు గదికి వచ్చింది. ఇన్ని రోజుల్లో ఇక్కడికి రావడం ఇదే మొదలు. ఉతికిన పైదుస్తులు ఇప్పుడు వేరే మనిషితో పంపుతోంది. నిలబడే మాట్లాడింది.

"బొమ్మలైతే పెట్టుకోవచ్చంట గద సార్?"

ఆ సార్ అన్న మాట నాకెక్కడో తగిలింది. కూర్చో అక్కా అన్నాను. కూర్చోలేదు.

"మావీ బొమ్మలే. ఇరవై ఏళ్ల నుంచి చదరంలో పెడతానే ఉన్నా. సున్నం, కాగితం గుజ్జు కలిపి నేను చేసినవే. మీరూ చూశారు. ఆవులున్నయి, గాడిద ఉంది, మేకలున్నయి, గొల్లోళ్లున్నరు. మరియమ్మ, యోసేపు, బిడ్డ. ఆయమ్మోళ్ల కొలువు సంస్కృతైతే మా పశువుల పాక గూడా సంస్కృతేనని రాసిపెట్టండి."

రాశాను. ఈ గదికి వచ్చిన నాటి నుంచి నేను రాసిన వాటిల్లో మంచి కాగితం అదే. బొమ్మకూ బొమ్మకూ తేడా లేదని, తేడా ఉందంటే నా మొదటి వాక్యం అబద్ధమని రాశాను. రెండు పేజీలు వచ్చింది. కమిటీకి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాను.

డిసెంబరు 6

అనుమతి వచ్చింది.

పాకకు అనుమతి. ఆవులు, ఎద్దులు, గాడిద, మేకలు పశుపోషణ వారసత్వం కిందికి వస్తాయి కాబట్టి అనుమతి. గొల్లలకు వృత్తి సంస్కృతి కింద అనుమతి. ఒంటెలు ఈ ప్రాంతపు పశువులు కావు కనుక నిరాకరణ. దేవదూతకు నిరాకరణ. స్త్రీ, పురుషుడు, శిశువు, ఈ మూడు బొమ్మలూ మతసంబంధమైనవి కాబట్టి నిరాకరణ. ప్రదర్శన పేరు 'పాతకాలపు పశువుల కొట్టం' అని ఉండాలి.

కాగితం పట్టుకుని లాండ్రీకి వెళ్లాను. ఆవిరిలో ఆమె ముఖం సరిగా కనిపించలేదు. చదివి వినిపించాను.

"బిడ్డ వద్దు, ఆవులు కావాలి" అంది. ఒక దుప్పటి పిండి, ఇంకో దుప్పటి తీసింది. "ఆవులు ఎందుకొచ్చినయ్యో వాళ్లకి తెలియదా?"

"ఒప్పుకోవద్దక్కా. నేను మళ్లీ రాస్తాను."

"మీరు రాయబాకండి సార్." నెమ్మదిగానే అంది. "మీరు ఏది రాసినా అది మాకే తగులుతుంది. ఇచ్చిందే పెడతా. ఎక్కడ సంతకం పెట్టాలో చూపించండి."

డిసెంబరు 20

మూడో అద్దం, తొమ్మిదో అద్దం తుడవలేదు. మోకాళ్ల నొప్పి.

సువార్తమ్మ చదరంలో ఉత్తరపు వైపు పాక కట్టింది. నడుమెత్తు పాక. దీపాల కింద వరి పండించే హాలు నుంచి నిజం గడ్డి తెచ్చి పరిచింది. రెండు ఆవులు, ఒక గాడిద, నాలుగు మేకలు, ముగ్గురు గొల్లలు. ఒక ఆవుకు కొమ్ము లేదు. అన్నీ లోపలికే చూస్తున్నాయి. అవి అలా చూసేటట్టే చేసింది మరి, ఇరవై ఏళ్ల కిందట. వాటి మెడలు తిప్పడం కుదరదు.

అవి చూస్తున్న చోట ఏమీ లేదు. గడ్డిలో మోచేత్తో అదిమి ఒక గుంట చేసింది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు.

తనిఖీ వాళ్లు వచ్చి బొమ్మలు లెక్కపెట్టుకుని, అనుమతి కాగితంతో సరిచూసుకుని వెళ్లిపోయారు.

డిసెంబరు 24

పదింటికి ఎండ చదరంలోకి దిగగానే క్రైస్తవులు వచ్చారు. నలభై కుటుంబాలు. పాట పాడితే నిబంధనకు విరుద్ధం కనుక పాడలేదు. ప్రదర్శన చూసేవాళ్లలాగే వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే పాక ముందుకు వచ్చి, ఆ గుంట ముందు మోకాళ్లూని, లేచి, పక్కకు తప్పుకున్నారు. జకరయ్య పాస్టరుగారికి లేవడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. సువార్తమ్మ అందరికన్నా చివర వచ్చింది.

బట్ట చప్పుడు, కాళ్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. దూరంగా పంపుల గది మెట్ల మీద దస్తగిరి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఒంటిగంటకు నన్ను పిలిపించారు. బల్ల మీద పదకొండు ఫిర్యాదులు.

"ఆ గుంట ఏమిటండీ?" అన్నారు భానుమూర్తిగారు.

"గడ్డిలో గుంటండీ."

"ఎవరి కోసం?"

"అక్కడెవరూ లేరు కదండీ. తీసెయ్యమన్నారు, తీసేశారు."

"లేరనే నా బాధ. ఉంటే తీయించేవాణ్ణి. లేనివాణ్ణి ఎలా తీయించను?" ఆయన నవ్వలేదు. నిజంగానే బాధగా అన్నారు. "ఆ ఖాళీయే గుర్తండీ. అనుమతిలో గుంట లేదు. రేపు గడ్డి రాగానే మీరే చదును చెయ్యండి. ఇంకెవరినైనా పంపితే గొడవవుతుంది. మీరంటే వాళ్లకు గౌరవం."

వర్క్ ఆర్డరు నంబరు 412. నా పేరే ఉంది.

కాదనవచ్చు. కాదంటే అద్దాల పని పోతుంది, వరి హాలులో వేస్తారు. చావైతే రాదు. కాదనలేదు. నేనైతే మెల్లగా చేస్తాను, ఇంకొకరైతే పాకనే తొక్కేస్తారని నాకు నేను చెప్పుకున్నాను. ఈ మాట రాస్తుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

డిసెంబరు 25

పదిన్నరకు వరి హాలు నుంచి గడ్డి మోపు వచ్చింది. చంకలో పెట్టుకుని చదరానికి వెళ్లాను. వాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఇవాళ వాళ్ల పండగ. ఉతికిన బట్టలు కట్టుకున్నారు, అంతే.

చేతిలోని కాగితం చూపించబోయాను. సువార్తమ్మ దానివైపు చూడలేదు.

"చేతులు కడుక్కొచ్చారా సార్?" అంది.

కడుక్కోలేదు. పొద్దున అద్దాలు తుడిచిన సున్నం గోళ్లలో ఉంది. ఆమె మూలనున్న బాల్చీలోంచి చెంబుతో నీళ్లు ముంచి పోసింది. కడుక్కున్నాను. తుడుచుకోవడానికి తన కొంగు ఇవ్వలేదు, లాండ్రీ తువ్వాలు ఇచ్చింది.

పాక నడుమెత్తే. నిలబడితే చెయ్యి లోపలికి పోదు. వంగితే ఆవుల మీద పడతాను. మోకాళ్ల మీద కూర్చోక తప్పలేదు. గడ్డి లోపలికి తోసి గుంటలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఎండ పడిన చోటు గనక వెచ్చగానే ఉంటుంది. కాసేపు చెయ్యి అలాగే ఉంచాను. ఎందుకుంచానో తెలియదు. తర్వాత గుప్పెడు గుప్పెడుగా గడ్డి పోసి, అదిమి, చదును చేశాను. గుంట కనిపించకుండా పోయింది. ఆవులు ఇంకా అటే చూస్తున్నాయి.

లేచి వెనక్కి తిరిగాను. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది.

డిసెంబరు 28

నా మీద ఫిర్యాదు. ఇరవై అయిదో తేదీ ఉదయం పది గంటల నలభై నిమిషాలకు ఉమ్మడి స్థలంలో మతపరమైన ప్రదర్శన ముందు అద్దాల మేస్త్రి గుమ్మడి ఏడుకొండలు మోకరిల్లారు. కెమెరా చిత్రం జతపరిచారు. ఆ చిత్రంలో వెనక నిలబడిన వాళ్లందరూ తలలు దించుకుని ఉన్నారు. ముందు నేను, పాకలోకి తల వంచి. ఎవరు చూసినా ప్రార్థనేననుకుంటారు.

డిసెంబరు 30

విచారణ పాలక సంఘం గదిలో జరిగింది. మొదటి వాక్యం రాసిచ్చిన కుర్చీలోనే నన్ను కూర్చోబెట్టారు.

"మీరు మోకాళ్ల మీద కూర్చున్నారా?"

"కూర్చున్నానండీ."

"ఎందుకు?"

"గడ్డి నింపడానికి. వర్క్ ఆర్డరు 412."

"గడ్డి నింపడానికి నిమిషం చాలు. మీరు రెండు నిమిషాల నలభై సెకన్లున్నారు."

"సర్దానండీ."

"మనసులో ఏమైనా అనుకున్నారా?"

వెనక బల్లల మీద లాండ్రీ వాళ్లున్నారు. దస్తగిరి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అనుకున్నానని చెప్పవచ్చు. ఏమనుకున్నానో చెప్పలేను గాని, అనుకోలేదంటే అబద్ధమే. ఒక్క మాట చాలు, నేనూ వాళ్ల వరసలోకి పోయేవాణ్ణి.

"లేదండీ" అన్నాను. "పని చేశానంతే."

సాక్షిగా సువార్తమ్మను పిలిచారు. ఆమె అవునంటే నా పని పోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"ఆ సమయంలో మీరు ఈయన పక్కనే ఉన్నారు. ఈయన ప్రార్థన చేశారా?"

ఆమె నావైపు చూసింది. తొమ్మిదేళ్ల కిందట నా ఒంటికి తడిగుడ్డ చుడుతూ ఎలా చూసిందో అలాగే చూసింది. కోపం లేదు.

"లేదండి" అంది. "పసిబిడ్డల కాణ్ణుంచి ముసలోళ్ల దాకా నలభై ఇళ్లోళ్లం ఆ పాక ముందు మోకాళ్లూనాం. ప్రార్థన చెయ్యకుండా లేచింది ఈయనొక్కడేనండి. నేను పక్కనుండి చూశా. రాసుకోండి."

రాసుకున్నారు.

జనవరి 3

నిర్దోషినని కాగితం ఇచ్చారు. 'ఉద్యోగి మోకాళ్లు విధి నిర్వహణలో వంగినట్లు రుజువైనది' అని ఉంది. దాని కిందే ఇంకో ఉత్తర్వు. ఇకపై చదరంలో వంగవలసిన పని ఉన్నవారు వర్క్ ఆర్డరు వెంట ఉంచుకోవాలి. పశువుల కొట్టం వల్ల అపార్థాలు కలుగుతున్నందున దాన్ని తొలగించారు. బొమ్మలు స్టోరులో భద్రపరిచారు.

చదరంలో ఇప్పుడు సంక్రాంతి ముగ్గుల పోటీకి గీతలు గీస్తున్నారు. ముగ్గు సంస్కృతి.

వివరణాధికారి పదవికి రాజీనామా రాసి భానుమూర్తిగారి బల్ల మీద పెట్టాను. దాన్ని ఆయన విప్పనుకూడా లేదు.

"అవసరం లేదండీ, ఆ పోస్టు నిన్ననే రద్దు చేశాం" అన్నారు. "ఈమధ్య మీ దగ్గరికి ఎవరైనా సందేహమని వచ్చారా?"

ఆలోచించాను. నవంబరులో సువార్తమ్మ వచ్చి వెళ్లాక ఆ తలుపు ఎవరూ తట్టలేదు.

"రాలేదండీ" అన్నాను.

"చూశారా" అన్నారు ఆయన సంతోషంగా. "ఊళ్లో ఇప్పుడు ఎవరికీ ఏ సందేహమూ లేదు."